నాలుగేళ్ళ వాయిదా

జూనియర్లు ఏదైనా అడిగితే మస్తాన్‌వలి గారు నోటితో జవాబు చెప్పేవారు కాదు. బాపట్ల కోర్టులో ముప్ఫై ఎనిమిదేళ్ళ ప్రాక్టీసు ఆయనది. ఫలానా సెక్షను అర్థం కాలేదంటే, ఆ సెక్షను నడుస్తున్న ఫైలొకటి తీసి చేతిలో పెట్టేవారు. క్లయింటు అబద్ధం చెబుతున్నాడేమోనని అనుమానపడితే, ఏదో సంతకం వంకన ఆ క్లయింటు ఇంటికే పంపేవారు. వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ ఆ ప్రశ్న అడిగేవారు కాదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా ఈ పద్ధతి గురించి గొప్పగా చెప్పుకుంటారు. ఒక్క నీలవేణి మాత్రం చెప్పుకోదు.

నీలవేణి తండ్రి అంకమ్మరావు స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. కూతురు లా చదువుతానంటే బ్యాంకులో ఆరు లక్షల నలభై వేలు చదువు రుణం ఇప్పించి, పక్కన తనూ సంతకం పెట్టాడు. అయిదేళ్ళ చదువు, ఆ తర్వాత బ్యాంకు ఇచ్చిన ఏడాది గడువు గడిచేసరికి అది వడ్డీతో కలిసి ఎనిమిది లక్షల డెబ్భై వేలయింది. నెలనెలా పదకొండు వేల ఏడు వందలు కట్టాలి. మస్తాన్‌వలి గారు ఆమెకి ఇచ్చేది అయిదు వేలు. అది తక్కువని ఆయనకి ఎన్నడూ తోచలేదు. తన రోజుల్లో మూడేళ్ళపాటు సీనియరు చేతినుంచి రూపాయి ముట్టలేదని, టీ కూడా సొంత డబ్బులతోనే తాగానని అప్పుడప్పుడు నవ్వుతూ చెప్పేవారు. జూనియర్లు కూడా నవ్వేవారు.

కొన్ని నెలలు తండ్రి మిషను మీద సంపాదించింది పోసి కట్టాడు. తర్వాత ఆగిపోయింది. ఒకరోజు బ్యాంకు తరఫు మనిషి షాపుకే వచ్చాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన హెడ్‌మాస్టరు ముందే నిలబడి, "మీ అమ్మాయి లాయరేనటగా? మరి ఇంకా కట్టలేకపోవడమేంటండీ?" అని అడిగి వెళ్ళిపోయాడు. అంకమ్మరావు ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు. మర్నాడు పొద్దున రెండు మిషన్లలో ఒకదాన్ని తుడిచి, నూనె పెట్టి, అమ్మకానికని షాపు బయట పెట్టాడు. నీలవేణికి సంగతి తెలిసింది ఆ మిషనుని చూసే.

ఆ శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె అడిగింది.

"సార్, సన్నదు నాలుగేళ్ళు పక్కన పెడితే తప్పా?"

ఆయన తలెత్తారు. ఆమె కంపెనీ పేరుతో సహా అంతా గబగబా చెప్పుకుపోయింది. బండ్లకి అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ ఒకటి లీగల్ ఆఫీసరుగా రమ్మంటోంది. నెలకి ముప్ఫై రెండు వేలు. అందులో ఇరవై రెండు బ్యాంకుకి కట్టేస్తే నాలుగేళ్ళలో బాకీ మొత్తం తీరిపోతుంది. జీతానికి చేరితే ప్రాక్టీసు చేయకూడదు కాబట్టి బార్ కౌన్సిల్‌కి రాసి సన్నదు, అంటే ఆ ప్రాక్టీసు లైసెన్సు, ఆపించుకోవాలి. పది రోజుల్లో ఏ సంగతీ చెప్పమన్నారు.

"ఈ నాలుగేళ్ళూ మనం చేసే పని వాయిదా వేసుకున్నాననుకుంటాను సార్. అప్పు తీరగానే ఇక్కడికే వస్తాను. అట్లా వాయిదా వేసుకోవచ్చా?"

ఆయన, "మీ కాలేజీలో ఏడాదికి ఫీజెంతమ్మా?" అన్నారు.

"తొంభై వేలు సార్. హాస్టలు కాక."

"నేను రెండు వందల నలభై కట్టాను," అన్నారాయన. ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్న ఆ అంకె అప్పుడు ఆయన నోట ఎబ్బెట్టుగా పలికింది. బల్ల మీది ఫైళ్ళలోంచి ఒకటి లాగి ఆమె ముందు పెట్టారు. "సోమవారం నాకు గుంటూరులో వాదనలున్నాయి. ఇది నువ్వే చూడు."

అది సామ్రాజ్యం కేసు. నలభై దాటిన మనిషి. ట్రాలీ ఆటో తనే నడుపుకుంటూ ఇళ్ళకీ కొట్లకీ మంచినీళ్ళ క్యాన్లు వేస్తుంది. మస్తాన్‌వలి గారి ఆఫీసుకీ ఆమే వేస్తుంది. భర్తకి నడుం ఆపరేషనై మంచాన ఉన్నాడు. బండి మీద అప్పుంది. మూడు వాయిదాలు కట్టలేదు కాబట్టి బండి పట్టుకుపోతామని ఫైనాన్స్ వాళ్ళు నోటీసిచ్చారు. కానీ ఆ మూడింటిలో రెండు వాయిదాలు ఆమె కట్టింది. వసూలుకొచ్చిన కుర్రాడు సంతకం పెట్టి ఇచ్చిన రసీదులు ఆమె దగ్గరున్నాయి. ఆ డబ్బు కంపెనీ లెక్కలోకి చేరలేదు, అంతే. కోర్టు తేల్చేదాకా బండిని ముట్టుకోకూడదని ఉత్తర్వు కోరుతూ వేసిన కేసు అది. ఫైనాన్స్ కంపెనీ పేరు చదవగానే నీలవేణి చెయ్యి ఆగింది. తనని ఉద్యోగానికి రమ్మన్న కంపెనీయే అది.

"రసీదులు రెండూ జడ్జిగారికి చూపించు," అన్నారు మస్తాన్‌వలి గారు. "వాళ్ళు తమ జవాబుగా కౌంటరు వెయ్యడానికి టైం అడుగుతారు. అడగనీ. అప్పటిదాకా బండి జోలికి పోకూడదని మాత్రం ఆర్డరు తీసుకోకుండా బయటికి రాకు."

సోమవారం పదకొండున్నరకి కేసు పిలిచారు. సామ్రాజ్యం క్యాన్లు వెయ్యడం సగంలో ఆపి వచ్చి, హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. కంపెనీ తరఫు లాయరు లేచి, నోటీసు శనివారమే అందిందని, కౌంటరుకి రెండు వారాల గడువు కావాలని అడిగాడు. అతని వెనక ఫణికుమార్ నిలబడి ఉన్నాడు. కంపెనీ లీగల్ మేనేజరు, నీలవేణిని ఉద్యోగానికి పిలిచినవాడు. అతను బెదిరింపుగా చూడలేదు. తెలిసిన మనిషి కనిపిస్తే పలకరించినట్టు తల ఊపాడు, అంతే.

"మీరేమంటారు?" అని జడ్జిగారు నీలవేణిని అడిగారు.

చెప్పాల్సింది ఒక్క వాక్యం. శని, ఆదివారాలు అద్దం ముందు పదిసార్లు అనుకున్న వాక్యం. రసీదులు చేతిలోనే ఉన్నాయి. ఆ నిమిషాన ఆమెకి షాపు బయట పెట్టిన కుట్టుమిషను కనిపించింది. ఇవాళ గట్టిగా వాదిస్తే రేపు ఏ మొహంతో ఫణికుమార్ ఎదుట కూర్చుంటాననిపించింది. రెండు వారాలే కదా, ఈలోగా ఏమవుతుందిలే అని కూడా అనిపించింది.

"అభ్యంతరం లేదండీ," అంది.

జడ్జిగారు కలం ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆమె వంకే చూశారు, ఇంకా ఏదో అడుగుతుందన్నట్టు. ఆమె అడగలేదు. జడ్జిగారు తేదీ వేసి ఫైలు పక్కన పెట్టేశారు. బయటికి రాగానే సామ్రాజ్యం ఎదురొచ్చి, "ఏమైందమ్మా?" అంది. "వాయిదా పడింది," అని నీలవేణి చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు.

గురువారం పొద్దున రైలుగేటు పడి ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు మోటార్ సైకిలు మీద వచ్చి ఆటో తాళంచెవి లాగేసుకున్నారు. కోర్టులో కేసుందని సామ్రాజ్యం అరిచింది. ఆర్డరుంటే చూపించమన్నారు వాళ్ళు. క్యాన్లు ముప్ఫైరెండూ రోడ్డు పక్కన దింపించి, బండి తీసుకుపోయారు. ఆమె ఆ క్యాన్ల దగ్గరే మధ్యాహ్నం దాకా కూర్చుని, తెలిసినవాళ్ళ రిక్షాలో వాటిని నీళ్ళ ప్లాంటుకి చేర్చి, అప్పుడు ఆఫీసుకి వచ్చింది.

మస్తాన్‌వలి గారూ నీలవేణీ ఇద్దరూ ఉన్నారు. సామ్రాజ్యం ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నీలవేణి తలొంచుకుని వింటుంటే సామ్రాజ్యానికే జాలేసినట్టుంది.

"మీరేం చేస్తారమ్మా. మీరు అడిగే ఉంటారు. జడ్జిగారు ఇవ్వకపోతే మీరేం చేస్తారు?" అంది.

సామ్రాజ్యం మస్తాన్‌వలి గారి వైపు తిరిగి, "సార్, రేపట్నించి మీకు నీళ్ళు వెయ్యలేను. ఇంకెవరికన్నా చెప్పుకోండి," అని, ఆ నెలలో అప్పటిదాకా వేసిన క్యాన్లకి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళగానే ఆయన కోర్టునుంచి ఆ కేసులో జడ్జిగారు రాసిన కాగితం తెప్పించుకుని చూశారు. అందులో నీలవేణి ఉత్తర్వు అడిగినట్టు గానీ, కోర్టు కాదన్నట్టు గానీ ఒక్క ముక్క లేదు.

"అడిగావా?" అన్నారు.

"లేదు సార్."

"మర్చిపోయావా?"

మర్చిపోయానంటే సరిపోయేది. ఆయన ఆ మాట అందించింది ఆమెకి దారి ఇవ్వడానికేనని కూడా అర్థమైంది. "లేదు సార్. గుర్తుంది," అంది.

ఆయన కేకలేస్తారేమోనని ఆమె ఎదురుచూసింది. కేకలేస్తే బాగుండుననుకుంది కూడా. చివరికి ఆయన, "ఆ కంపెనీ మీద కేసని తెలిసే ఇచ్చాను నీకు. నువ్వు అడుగుతావనుకున్నాను," అని లేచి నమాజుకి వెళ్ళిపోయారు. ఒకటో తారీఖున ఆమె ఉద్యోగంలో చేరింది. వెళ్ళేముందు చెప్పడానికి వస్తే, "వెళ్ళిరామ్మా," అన్నారు.

బండి దొరకలేదు. విడిపించమని మస్తాన్‌వలి గారు అర్జీ వేసేనాటికే అది వేరే జిల్లా యార్డుకి చేరి అమ్ముడైపోయింది. నష్టపరిహారం కోసం ఫీజు తీసుకోకుండా ఆయన రెండున్నరేళ్ళు కేసు నడిపితే, చివరికి నలభై వేలు వచ్చాయి. ఈలోగా సామ్రాజ్యం క్యాన్లు వేసే ఇళ్ళన్నీ మరొకరు పట్టుకున్నారు. ఆమె అదే నీళ్ళ ప్లాంటులో క్యాన్లు కడిగే పనికి కుదిరింది.

నీలవేణి ఉద్యోగం బాగానే చేసింది. అప్పు కట్టనివాళ్ళకి నోటీసులు తయారుచెయ్యడం ఆమె పని. నోటీసు ఎప్పుడూ ఒకటే, పేరూ ఊరూ అంకే మారతాయి. మొదట్లో ప్రతి పేరూ చదివేది. ఏడాది తిరిగేసరికి అంకె ఒక్కటి సరిచూసుకుంటే చాలునని అలవాటు చేసుకుంది. జీతం పడ్డ రోజే ఇరవై రెండు వేలు బ్యాంకుకి వెళ్ళిపోయేవి. షాపుకి బ్యాంకు మనుషులు రావడం మానేశారు. అంకమ్మరావు మిషను అమ్మలేదు. లోపలికి తెచ్చుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఆ మిషను చప్పుడు వింటున్నప్పుడు తను చేసింది తప్పు కాదనే ఆమెకి అనిపించేది.

ఒక్కసారి మాత్రం అలా అనిపించలేదు. రెండో ఏడు జీతం పెంచిన రోజున ఫణికుమార్ అందరి ఎదుటా ఆమెని మెచ్చుకున్నాడు. "సర్టిఫికెట్లు చూసి తీసుకోలేదండీ ఈవిణ్ణి. ఆరోజు కోర్టులో చూశాను. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు దొరకడం కష్టం." అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది.

ఆఖరి వాయిదా కట్టి బ్యాంకునుంచి బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకోవడానికి నాలుగేళ్ళ మూడు నెలలు పట్టింది. మర్నాడే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ఫణికుమార్ ఇంకో ఎనిమిది వేలు పెంచుతానన్నా వినలేదు. సన్నదు తిరిగి తెరిపించుకుని, నల్లకోటు ఇస్త్రీ చేయించుకుని, ఒక సోమవారం పొద్దున మస్తాన్‌వలి గారి ఆఫీసు మెట్లెక్కింది. దారిలో నీళ్ళ ప్లాంటు ముందునుంచే రావాలి. ఆమె రోడ్డుకి అవతలి వైపు నడిచింది.

ఆఫీసులో ఇద్దరు కొత్త జూనియర్లు ఉన్నారు. సార్ లోపల ఎవరితోనో ఉన్నారని పాత గుమస్తా ఆమెని కూర్చోబెట్టాడు. మాటల్లో ఆమె, ఇప్పుడు జూనియర్లకి ఎంత ఇస్తున్నారని అడిగింది.

"పదిహేను వేలమ్మా. చేరిన నెలనుంచే."

"ఎప్పట్నించి?"

గుమస్తా చెప్పాలా వద్దా అని ఒకసారి లోపలి గది వైపు చూశాడు. "ఆ సామ్రాజ్యం బండి పోయిందే, ఆ నెలనుంచి. అప్పుడు మీరు కాక ఇంకో జూనియరు ఉండేవాడు కదా, అతనికి ఇచ్చారు. మీకూ ఇద్దామని కవరు తీసి ఉంచారు. మీరు వెళ్ళిపోతున్నానని చెప్పడంతో మళ్ళీ బీరువాలో పెట్టేశారు."

లోపలికి పిలుపు వచ్చింది. మస్తాన్‌వలి గారు బాగా తగ్గిపోయారు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఆమెని చూసి సంతోషించారు, కూర్చోమన్నారు, తండ్రి ఎలా ఉన్నాడని అడిగారు. నాలుగేళ్ళుగా ఈ గదిలో ఏమేం చెప్పాలో ఆమె అనుకుంటూనే ఉంది. తీరా కూర్చున్నాక సంచిలోంచి బ్యాంకు కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"అప్పు తీరిపోయింది సార్. వచ్చేశాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఏ దస్తావేజునైనా చదివినట్టే, పై అక్షరం నుంచి కింద సీలు దాకా నిదానంగా చదివారు. పాత మడతల మీదే మడిచి ఆమె చేతికి ఇచ్చారు.

"నీది తీరిందన్నమాట," అన్నారు. "నాదింకా నడుస్తోందమ్మా."