పైన ఎవరి చాదర్?

నన్నేసాబుకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. కొండ కనుమ దగ్గరున్న చిన్న దర్గాలో ఉరుసు పనులన్నీ చూసేది అతనే. ఈ ఏడు మాత్రం కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మూడు తరాలుగా ఉరుసుకు పీరు సమాధి మీద అన్నిటికన్నా పైన పరిచేది పడమటి సుల్తాను పంపిన చాదర్‌నే. పైన ఎవరి చాదర్ ఉంటే కనుమ వాళ్లదని లోకం నమ్మకం. ఇప్పుడు తూర్పున నవాబొకడు లేచాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రెండింతల జరీతో చాదర్ పంపి, "మాదే పైన" అని కబురంపాడు. ఇద్దరి సర్దార్లూ గుర్రాలతో ఊరి జొన్నచేలల్లో దిగారు. ఎవరిది కిందైతే వాళ్లు ఊరు తగలబెడతారట.

నన్నేసాబు గురువు జలాల్ ఫకీరు దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, పాత సుల్తానే మేలంటారా? రేపటి కాలం నవాబుదేనంటున్నారు. ఎవరికి సలాం కొట్టమంటారు?"

"రెండు చాదర్లూ పట్రా. సూదీ దారం కూడా."

ఫకీరు ఒక చాదర్ నేలమీద పరిచాడు. దానిమీద పాతగుడ్డలు వేసి, పైన రెండోది కప్పి, పెద్ద పెద్ద కుట్లు వేయసాగాడు.

సర్దార్లిద్దరూ ఊడిపడ్డారు.

"ఏం చేస్తున్నావు ముసలోడా?"

"బొంత కుడుతున్నా. ఉరుసయ్యాక చాదర్లు పేదలకిచ్చేవే కదా. ఈసారి ముందే ఇస్తున్నాం."

"మరి మా ఇద్దరిలో పైన ఎవరిది?" అన్నారిద్దరూ. వాళ్లిద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు.

ఫకీరు బొంత అంచు పట్టి తిరగేసి చూపించాడు.

"కప్పుకునేవాడి ఇష్టం."

రెండు కత్తులూ ఒరల్లోంచి బయటికొచ్చాయి. "ఊరు బూడిదైపోతుంది, తెలుసా?"

ఫకీరు తల ఎత్తలేదు. "నన్నేసాబూ, సూదిలో దారం అయిపోయింది."

నన్నేసాబు భయం ఎక్కడికీ పోలేదు. అయినా కత్తుల మధ్యనుంచే నడిచి వెళ్లి, వాటికి వీపు పెట్టి గురువు పక్కన కూర్చున్నాడు. సూదికి దారం ఎక్కించాడు. మొదటి కుట్టు వేయబోతూ వెనక్కి తిరిగాడు.

"సర్దార్, కాలు తియ్యండి. మా బొంత తొక్కుతున్నారు."