సెలవడిగి వెళ్ళిన శిష్యుడు

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, కుంతలగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు సత్యకేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు రణకేతు, చిన్నవాడు పుష్పకేతు.

ఆ రాజ్యంలో సాము నేర్పే గరిడీలు రెండే రెండు. ఊరికి తూర్పున సింగమయ్య గరిడీ, అక్కడ కర్రసాము నేర్పుతారు. ఊరికి పడమట ఓబులయ్య గరిడీ, అక్కడ కుస్తీ నేర్పుతారు. పెద్ద కొడుకూ చిన్న కొడుకూ సింగమయ్య దగ్గర చేరారు, నడిమివాడు ఓబులయ్య దగ్గర చేరాడు.

ఆ గురువులిద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. ఒకప్పుడు సింగమయ్య శిష్యుడొకడు గురువుకు చెప్పకుండా ఓబులయ్య గరిడీకి వెళ్ళి, సింగమయ్య కర్ర ఎలా తిప్పుతాడో, ఎలా ఆయాసపడతాడో ఆడి చూపించి అందరినీ నవ్వించాడు. ఆ సంగతి చెవిన పడ్డప్పుడు సింగమయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఒక గరిడీ మట్టి తొక్కినవాడు ఇంకో గరిడీ గడప తొక్కకూడదని కట్టడి పడింది.

ఇలా ఉండగా, సత్యకేతుకు ప్రాణస్నేహితుడైన రాజు కూతురు నీలవేణి కుంతలగిరికి చుట్టపుచూపుగా వచ్చింది. ఏడు సముద్రాల అవతల దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు సుడిగాలిలా వచ్చి, నిండు కొలువులో అందరూ చూస్తుండగా ఆ పిల్లను ఎత్తుకుపోయాడు.

నీలవేణి గట్టి పిల్ల. రెండేళ్ళ వ్రతం పట్టాననీ, అది తీరేదాకా తన నీడ కూడా తొక్కకూడదనీ మాంత్రికుడికి చెప్పింది. మెల్లగా మాటల్లో పెట్టి వాడి ప్రాణం గుట్టు లాగింది. కిటికీ దగ్గర వాలిన ఒక కొంగతో కబురు పంపింది. ఆ కొంగ కొలువులోకి వచ్చి మనిషి గొంతుతో చెప్పింది.

"వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలకను చేరాలంటే మూడు వాకిళ్ళు దాటాలి. మొదటి వాకిట్లో మనిషి లేకుండానే వంద కర్రలు తిరుగుతుంటాయి. రెండో వాకిట్లో రాతి మల్లుడు ఉంటాడు. మూడోది పాముల గది. పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికెక్కేదాకా అందులో కదిలినవాడూ బతకడు, నోరు విప్పినవాడూ బతకడు."

జయకేతు వెంటనే బయలుదేరాడు. వంద కర్రల్నీ దాటాడు గాని, రాతి మల్లుడు పట్టుకుంటే విడిపించుకోలేక తానూ రాయైపోయాడు. తర్వాత రణకేతు వెళ్ళాడు. కుస్తీలో వాడికి ఎదురులేదు గాని, కర్ర పట్టడం రాక మొదటి వాకిట్లోనే దెబ్బ తిని రాయైపోయాడు. కొంగ వచ్చి ఆ రెండు కబుర్లూ చెప్పింది. నీలవేణిని ఎత్తుకుపోయి అప్పటికి ఏడు నెలలు గడిచాయి.

పుష్పకేతు తండ్రి దగ్గరికి వెళ్ళి, ఒక్క విద్యతో అయ్యే పని కాదనీ, తాను కుస్తీ కూడా నేర్చుకుని వెళతాననీ చెప్పాడు. మంత్రి ఒక ఉపాయం చెప్పాడు. మారుపేరుతో, మారువేషంతో ఓబులయ్య దగ్గర చేరితే సింగమయ్యకు తెలియనే తెలియదన్నాడు.

"ఆయనకు తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది కదా" అన్నాడు పుష్పకేతు.

తెల్లారగానే గరిడీకి వెళ్ళాడు. రోజూ చేసినట్టే నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, గురువు ముందు నిలబడి, ఓబులయ్య దగ్గర కుస్తీ నేర్చుకోవడానికి సెలవిమ్మని అడిగాడు. సింగమయ్య మొహం తిప్పుకున్నాడు.

రెండో రోజూ ఊడ్చాడు, నీళ్ళు చల్లాడు, అడిగాడు. రాజుగారి చేత ఆజ్ఞ రాయించుకురాలేకపోయావా అన్నాడు సింగమయ్య ఎత్తిపొడుపుగా. ఆజ్ఞతో వచ్చేది సెలవు కాదన్నాడు పుష్పకేతు.

మూడో రోజూ ఊడ్చాడు, నీళ్ళు చల్లాడు, అడిగాడు. సింగమయ్య తన కర్ర పక్కన పెట్టి అతని వైపు తిరిగాడు.

"వెళ్ళు. మూడు మాటలు మాత్రం గుర్తుపెట్టుకో. నా దెబ్బలు అక్కడ చూపించకు. అక్కడి పట్లు నాకు చెప్పకు, నేనూ అడగను. ఆ గడప దాటాక, ఏమీ రానివాడిలా ఉండు."

పుష్పకేతు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి పడమటి దారి పట్టాడు.

ఓబులయ్య కొండంత మనిషి. ఎవరి శిష్యుడివని అడిగాడు. సింగమయ్యగారి శిష్యుణ్ణనీ, ఆయన సెలవు తీసుకునే వచ్చాననీ చెప్పాడు పుష్పకేతు. ఓబులయ్య ఒక పార చేతికిచ్చి, కుస్తీ పట్టే ఎర్రమట్టి గోదా చూపించాడు. పదేళ్ళ పిల్లలతో కలిసి రాకుమారుడు రెండు నెలలు మట్టి తవ్వాడు, నూనె కలిపాడు, మజ్జిగ కలిపాడు. తూర్పు గరిడీలో కర్రను నుదుటికి ఆనించి మొదలుపెట్టేవారు. ఇక్కడ చిటికెడు మట్టి నుదుట పెట్టుకుని మొదలుపెడతారు. అతనూ మట్టే పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా కర్రసాముకు అలవాటుపడ్డ కాళ్ళు వెడంగా పడుతుంటే పిల్లలు కూడా అతన్ని ఎత్తి కుదేసేవారు. లేచి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ పట్టుకు దిగేవాడు. మా గరిడీలో ఇలా కాదు అనే మాట ఒక్కసారి కూడా అతని నోట రాలేదు.

ఒకరోజు ఓబులయ్య అతన్ని పక్కకు పిలిచాడు. సింగమయ్యకు మెరుపు దెబ్బ అని ఒకటుంది, దాన్ని ఒక్కసారి ఆడి చూపిస్తే రాతినైనా పడగొట్టే ఏనుగు పట్టు ఆ రోజే నేర్పుతానన్నాడు.

పుష్పకేతుకు ఆ దీవి గుర్తొచ్చింది. దీవిలో అన్నలిద్దరూ రాళ్ళై పడి ఉన్నారు. నీలవేణి రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఒక్క దెబ్బ చూపిస్తే నెలలు కలిసివస్తాయి.

"అది నాది కాదు గురువుగారూ, ఇవ్వడానికి. మీరు నేర్పినప్పుడే నేర్చుకుంటాను" అన్నాడు.

ఓబులయ్య గుడ్లురిమి, అతన్ని మళ్ళీ పార పట్టమన్నాడు. నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. పుష్పకేతు పార దించలేదు. మూడో నెల మొదట్లో ఓబులయ్య తానే గోదాలోకి దిగి వచ్చాడు.

"నీకు నేర్పింది బయటికి పోదని తెలిసింది. రా" అన్నాడు.

ఏనుగు పట్టు చేతికి వచ్చేసరికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అప్పుడు ఓబులయ్య చెప్పాడు, పాముల గదికి తన విద్య చాలదని. తెల్లకొండ మీద ఒక ముసలి ఎలుగుబంటి ఉంది, కదలకుండా నిలబడే విద్య దానికొక్కదానికే తెలుసన్నాడు. పుష్పకేతు ఓబులయ్య దగ్గర సెలవు తీసుకున్నాడు. అక్కడినుంచి తూర్పుకు నడిచి సింగమయ్య దగ్గరా సెలవు తీసుకున్నాడు. ఆ తర్వాతే కొండ ఎక్కాడు.

ఎలుగుబంటి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇద్దరి దగ్గర నేర్చుకుని వచ్చావు. ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువో చెప్పు, తర్వాత నేర్పుతాను."

"తూచడానికి నా దగ్గర రాళ్ళు లేవు తాతా. నేర్చుకోవడానికి చేతులు మాత్రం ఉన్నాయి" అన్నాడు పుష్పకేతు.

ఎలుగుబంటి గురగురమని నవ్వి, ఒక బండ మీద అతన్ని నిలబెట్టింది. ఎండలో నిలబెట్టింది, వానలో నిలబెట్టింది, చీమలు పాకుతుండగా నిలబెట్టింది. నాలుగు నెలలకు అతను పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికెక్కేదాకా చిటికెనవేలైనా కదలకుండా నిలబడగలిగాడు. నీలవేణి వ్రతం తీరడానికి ఇంకో నెలే ఉంది.

ఎలుగుబంటి స్నేహితుడైన పెద్ద తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుంది. కొంగ ముందు ఎగురుతూ దారి చూపింది. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా ఏడు సముద్రాలూ దాటారు. మొదటి వాకిట్లో పుష్పకేతు కర్రను నుదుటికి ఆనించుకుని మెరుపు దెబ్బ కొట్టాడు. వంద కర్రలూ చితుకులై రాలాయి. రెండో వాకిట్లో చిటికెడు మట్టి నుదుట పెట్టుకుని ఏనుగు పట్టు పట్టాడు. రాతి మల్లుడు ముక్కలయ్యాడు.

మూడోది పాముల గది. నడుమ పంజరంలో పచ్చని చిలక ఉంది. పుష్పకేతు మధ్యకు చేరేసరికి పొద్దు పొడిచింది. నేలంతా పాములు లేచాయి. అతను బిగుసుకుని నిలబడ్డాడు.

కరాళుడు వచ్చాడు. మొదట నీలవేణి రూపంలో ఏడ్చాడు. అతను కదల్లేదు. తర్వాత జయకేతు రూపంలో తమ్ముడూ అని పిలిచాడు. అతను కదల్లేదు. చివరికి సింగమయ్య రూపంలో కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఓబులయ్య నేర్పిన పట్టు ఏమిటో చెప్పరా. గురువు అడిగితే నోరు విప్పవా?"

గురువు మాటకు బదులివ్వకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయనిది. పెదవి అదరబోయింది. కాని తన గురువు ఈ మాట అడగడు. ప్రాణం పోయినా అడగడు. అతను మౌనంగా ఆ దొంగ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికెక్కింది. పాములన్నీ తాళ్ళై నేలన పడ్డాయి. పంజరం తలుపు ఊడిపోయింది.

చిలక ఎగిరి వచ్చి అతని భుజం మీద వాలింది. తానూ ఇక్కడ బందీనేననీ, తన మెడలోని నల్లదారంలోనే వాడి ప్రాణం ఉందనీ, దాన్ని తెంపమనీ చెప్పింది. కాని పొద్దుటినుంచి నిలబడి నిలబడి పుష్పకేతు చేతులు కొయ్యబారాయి. పైకి లేవలేదు. కరాళుడు అసలు రూపంతో దూకాడు. అంతలో చిలక మాట విన్న నీలవేణి లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి, ఆ దారం పట్టి పుటుక్కున తెంపింది. మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. వాకిళ్ళలో రాళ్ళై ఉన్న అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు. చిలక ఒక చుట్టు తిరిగి అడవి వైపు ఎగిరిపోయింది.

దారిలో తాబేలు వీపు మీద కూర్చుని, తనను చేసుకోవడం ఇష్టమేనా అని పుష్పకేతు అడిగాడు. "ఇష్టమే. మా నాన్నగారిని కూడా అడగండి" అంది నీలవేణి నవ్వుతూ.

పెళ్ళికి గురువులిద్దరూ వచ్చారు. ఒకాయన పందిట్లో ఈ కొసన కూర్చున్నాడు, ఒకాయన ఆ కొసన కూర్చున్నాడు. తలంబ్రాలు అయ్యాక ఓబులయ్య బరువుగా లేచి, పందిరంతా నడిచి, సింగమయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీవాడు ఏడాది పాటు నా దగ్గర ఉన్నాడు. నీ మెరుపు దెబ్బ ఎలా ఉంటుందో నాకింకా తెలీదు" అన్నాడు.

సింగమయ్య తలెత్తి చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రేపు పొద్దున రా. చూపిస్తాను."

అన్నలిద్దరూ తామే ఒప్పుకుని తమ్ముణ్ణి గద్దె ఎక్కించారు. పుష్పకేతూ నీలవేణీ జుట్టు నెరిసేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో కుంతలగిరి పిల్లలు పట్టపగలే, గురువుకు దణ్ణం పెట్టి, ఒక గరిడీ నుంచి ఇంకో గరిడీకి నడిచి వెళ్ళేవారు.