ఉప్పులో ఇసుక

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో చిరుతపులిదే దొరతనం. అక్కడి రాతిగుంటలో ఉన్న ఉప్పంతా దొరగారిదే. అమావాస్య నాడు మాత్రం మిగతా జంతువులు వంతులవారీగా వచ్చి నాకి వెళ్లాలి. ఆ గుంటకు కాపలా ఎర్రమేక. జీతమంటూ లేదు, దాని పిల్ల జోలికి ఎవరూ రాకపోవడమే జీతం.

ఆ పిల్ల మీదే నక్క కన్ను. మేక నీళ్లకు వెళ్లి వచ్చేలోపు నక్క వెనక కాళ్లతో ఇసుకను ఉప్పులోకి తోసేసి, ఏమీ ఎరగనట్టు దొరను పిలుచుకొచ్చింది.

చిరుత అరవలేదు. నెమ్మదిగా మాట్లాడింది. మేకకు దానికే ఎక్కువ భయమేసింది.

“పొద్దుగూకేలోపు నా ఉప్పు నాక్కావాలి. ఒక్క ఇసుక రేణువూ ఉండకూడదు. లేదంటే పిల్లని ఇక్కడే వదిలిపెట్టి వెళ్దువుగాని.”

“ఏరుకో వదినా, ఎంతసేపు,” అని నక్క దొర వెనకే వెళ్లిపోయింది.

మేక ముందు ఊది చూసింది. ఊదితే ఇసుకతో పాటు ఉప్పూ ఎగిరింది. నాలుకతో ఏరబోతే రెండూ కలిసే అంటుకున్నాయి.

“అమ్మా, నన్ను తినేస్తుందా?” అంది పిల్ల. మేక పిల్లను తన వెనక్కి తోసుకుంది.

అప్పుడు దానికి ఉప్పుమడులు గుర్తొచ్చాయి. అక్కడ మనుషులు ఉప్పు తీసేది నీళ్లలోంచే కదా. ఉప్పూ ఇసుకా ఒక మిశ్రమమే, కానీ ఎంత కలిసినా దేని గుణం దానిదే. ఒకటి నీళ్లలో కరుగుతుంది, ఒకటి కరగదు. మేక కొబ్బరిచిప్పను పళ్లతో పట్టుకుని నీళ్లు తెచ్చిపోసి, కొమ్ముతో కలిపింది. ఉప్పు కరిగింది, ఇసుక అడుక్కి దిగింది. పైనున్న తేటను మెల్లగా ముంచి పల్లపు బండ మీద పలచగా పోసింది. ఎండ మండిపోతోంది. ఇక నీళ్లు ఆవిరి కావాలి.

అవి ఆవిరయ్యేలోపే నక్క దొరను తీసుకొచ్చేసింది.

“చూశారా, గుంటలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఉప్పంతా ఈవిడే మింగేసింది.”

“ఉప్పేదే?” అంది చిరుత.

“బండ మీద నీళ్లలో ఉంది దొరా.” మేక కొమ్ముతో బండ వైపు చూపించింది.

“నీళ్లలో ఉప్పు మీకేమైనా కనబడుతోందా దొరా? ఒట్టి మంచినీళ్లు,” అంది నక్క.

చిరుత పిల్ల వైపు అడుగేసింది. మేక అడ్డం వచ్చింది. భయంలోంచే మాట పుట్టింది.

“మంచినీళ్లే అయితే నక్కబావనే తాగమనండి దొరా. ఎండన పడి వచ్చాడు పాపం.”

చిరుత నక్క వైపు తిరిగింది. “తాగు.”

తాగనంటే అబద్ధం బయటపడుతుంది. నక్క మూతి పెట్టింది. ఒక గుక్క దిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆపావేం? మంచినీళ్లేగా,” అంది చిరుత.

ఇంకో గుక్కకే నక్క కడుపులో ఉన్నదంతా కక్కేసింది. చిరుత బండ మీది నీళ్లను నాలుక కొసతో తాకి చూసింది. తర్వాత నక్కను చూసింది.

“ఇసుక నేను పొయ్యలేదు దొరా,” అంది నక్క. ఎవరు పోశారని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మేక పిల్లను ముందు పెట్టుకుని వెనక్కి తిరగకుండా నడిచింది. వెనక నుంచి ఒక్క అరుపు వినబడింది. పొద్దుగూకేసరికి బండ మీద తెల్లటి ఉప్పు మిగిలింది. నక్క మిగల్లేదు.

నీళ్లలో కరిగిన ఉప్పూ, కడుపులో దాచిన కుట్రా కనబడవు గానీ, లేకుండా పోవు.