బరిసెమ్మ వెనకదారి

ఎర్రగుట్ట అడవిలో ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాగు ఎండిపోయి అడుగున రాళ్ళు తేలాయి. గడ్డి లేక జింకలు కొండ దాటి వెళ్ళిపోయాయి. జింకలు పోయాక తోడేళ్ళకి తిండి కరువై, పట్టపగలే పొదపొదా వాసన చూస్తూ తిరగడం మొదలుపెట్టాయి. దూరడానికో బొరియ ఉన్నవాళ్ళే ఆ ఎండాకాలం బతికారు.

గుట్ట పడమటి వాలులో ఏదుపంది బరిసెమ్మ బొరియ ఉంది. ఒళ్ళంతా బరిసెల్లాంటి ముళ్ళు కాబట్టి తల్లి ఆ పేరు పెట్టింది. ఆ ముళ్ళ మూలానే తోడేలు ఆమె జోలికి రాదు. ఆ ముళ్ళ మూలానే ఎవరూ ఆమె పక్కన కూర్చోరు కూడా. నీళ్ళగుంట దగ్గరికి ఆమె వస్తే చాలు, "జరగండి జరగండి, గుచ్చుకుంటుంది" అంటూ అందరూ లేచిపోయేవాళ్ళు. చిన్నప్పట్నుంచీ విన్న ఆ మాట ఆమె లోపల ఎక్కడో దిగబడి ఉండిపోయింది.

అందుకేనేమో, ఎవరికీ అక్కర్లేనివాళ్ళని ఏరి ఏరి ఇంట్లో పెట్టుకుంది. కుందేలు చెంగమ్మది చెంగుచెంగున దూకే రోజుల్లో పెట్టిన పేరు. వేటగాడి ఉచ్చులో వెనక కాలు పోయాక ముగ్గురు పిల్లల్నేసుకుని ఈడ్చుకుంటూ ఇక్కడికే చేరింది. తాబేలు నిదానయ్య వచ్చాడు. చూపు పోయిన ఎలుక అవ్వ మనవల తోకలు పట్టుకుని వచ్చింది. బరిసెమ్మ ఒక్కొక్కరికీ తగ్గట్టు ఇల్లు మార్చుకుంటూ పోయింది. తాబేలు బోర్లా పడకుండా గుమ్మాన్ని ఏటవాలుగా చెక్కింది. కుంటికాలు ఒరుసుకోకుండా దారంతా ఎండుగడ్డి పరిచింది. ఇంత చేసినా ఒక్క చెట్టు వేరు తెంచలేదు, వేళ్ళనే దూలాలుగా చేసుకుని గదులు తవ్వింది.

అన్నిటికన్నా ముఖ్యం వెనకదారి. లోపల్నుంచి నెత్తితో పొడిస్తే ఊడిపోయేంత పల్చటి మట్టిమూత దానికి, అవతల రేగుపొద. ఇరుకు దారి, ఒక్కొక్కరే వెళ్ళాలి. ఆపద వస్తే పిల్లలు ముందు, తర్వాత చెంగమ్మ, ఆ వెనక అవ్వా మనవలూ. ఆఖర్న నిదానయ్య, డిప్పతో దారికి అడ్డంగా. బయటపడ్డవాళ్ళు నేల మీద రెండు దెబ్బలు కొట్టాలి. ఆ చప్పుడు కాళ్ళకి తగిలితేనే తర్వాతివాళ్ళు కదలాలి. చూపు లేని అవ్వ కోసం బరిసెమ్మ చేసిన ఏర్పాటది. ముందు గుమ్మంలో మాత్రం బరిసెమ్మే వీపు బయటికి పెట్టి కూర్చుంటుంది.

బొరియల్లో బతికే జాతులన్నిటికీ ఒకటే కట్టుబాటు. వెనకదారి మాట బయట ఎత్తకూడదు. కొత్తల్లుడు వచ్చినా సరే, ఇల్లంతా చూపించి ఆ మూల మాత్రం దాటేస్తారు.

ఒకరోజు పొద్దున్నే కాకి వచ్చి గుట్ట మీద వాలింది.

"వినండహో! నల్లబండ దగ్గర అందరి ఇళ్ళ పండగ! అడవికి చేటు చెయ్యని ఇల్లు, అందరికీ చోటున్న ఇల్లు, ఎవరికుంటే వాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చు! మెచ్చిన ఇంటికి లోయలో ఊట దగ్గర ఈ ఎండాకాలమంతా భయం లేకుండా నీళ్ళు తాగే హక్కు!"

బరిసెమ్మ ముళ్ళు గలగలమన్నాయి. "దరఖాస్తంటే ఏం చెయ్యాలి కాకీ?"

"పేరు చెప్పమ్మా, చాలు. పెద్దమనిషి స్వయంగా వచ్చి ఇల్లు చూస్తాడు."

"ఎవరా పెద్దమనిషి?" అన్నాడు నిదానయ్య, గుమ్మంలోంచి తల మాత్రం బయటికి పెట్టి.

"నయగారయ్యగారు."

"నక్కా?" తాబేలు తల సగం లోపలికి పోయింది. "అమ్మాయ్, ఆ నక్క పుట్టి బుద్ధెరిగాక ఒక్క గంప మట్టి తవ్విందా? ఎవరో తవ్విన బొరియలో దూరి పడుకునేదానికి ఇళ్ళ మీద పండగేమిటి?"

"తవ్వనివాళ్ళకి ఇష్టం ఉండకూడదా తాతా?"

"ఉండొచ్చు. ఊట తోడేళ్ళది కదా, దాన్ని నక్క ఎట్లా దానం చేస్తుంది?"

"నీకన్నీ అనుమానాలే. నీళ్ళు లేక అవ్వ నాలుక పిడచకట్టుకుపోతోంది. పిల్లలు తడిమట్టి నాకుతున్నారు. అదేమైనా కనపడుతోందా నీకు?"

ఆ మాట నిజమే. కానీ బరిసెమ్మ మనసులో మెదిలింది నీళ్ళొక్కటే కాదు. నల్లబండ చుట్టూ అడవంతా కూర్చుని ఉంటుంది. ఆమె నడిచి వస్తుంటే ఎవరూ లేచిపోరు. "ఇదిగో, ఇల్లు కట్టింది ఈమే" అంటారు. ఆ ఊహకి వీపు మీద ముళ్ళన్నీ మెత్తబడినట్టయింది.

చెంగమ్మ ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. "అక్కా, చెప్పుకో, నేనొద్దనను. ఇంత ఇల్లు ఎవరు కట్టారు గనక! కానీ వెనకదారి మాత్రం నోట రానివ్వకు. నీకు ముళ్ళున్నాయి. నా పిల్లలకి ఆ దారొక్కటే ఉంది."

"పిచ్చిదానా, అది నాకు చెప్పాలా?" అంది బరిసెమ్మ.

చెప్పాలనే తేలింది.

నయగారయ్య సాయంత్రం కాకిని వెంటేసుకుని దిగాడు. తోక దులుపుకుని, గుమ్మం ముందు వొంగి మరీ దణ్ణం పెట్టాడు. బరిసెమ్మ జన్మలో ఎవరూ ఆమెకి దణ్ణం పెట్టలేదు.

"ఈ ఏటవాలు చూశావా కాకీ? దీన్ని సమ్మిళితం అంటారు. ఈ వేళ్ళు చూశావా, ఒక్కటీ తెగలేదు. ఇది సుస్థిరం. బరిసెమ్మగారూ, మీరు కట్టింది ఇల్లు కాదండీ, ఒక ఆదర్శం!"

"అంత మాటెందుకులెండి," అంది గానీ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నక్క తలొంచి గదిగదీ చూశాడు. పిల్ల కుందేళ్ళ దగ్గర ఆగి, "బంగారు తండ్రులు! ఎంత ముద్దొస్తున్నారో!" అన్నాడు. చెంగమ్మ పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది.

"అంతా బావుంది. ఒక్కటే లోటు." నయగారయ్య నిట్టూర్చాడు. "ఆపదొచ్చిందనుకోండి. మీరు గుమ్మానికి అడ్డం కూర్చుంటారు, మీకు ముళ్ళున్నాయి. మరి ఈ కుంటితల్లి సంగతేంటి? చూపు లేని ఆ పెద్దావిడ సంగతేంటి? బలహీనులకి దారి లేని ఇంటిని అందరి ఇల్లు అని ఎట్లా అనమంటారు?"

బరిసెమ్మ ఓరకంట వెనక గోడ కేసి చూసింది.

"పోనీలెండి, లేదంటే లేదనే చెప్తాను. తూర్పు వాలులో ముంగిసల ఇల్లుంది. ఏదో మీకున్నంత నేర్పు లేకపోయినా, వాళ్ళు పాపం అన్నీ ఆలోచించుకున్నారు. పద కాకీ."

"లేదని ఎవరన్నారు?"

ఆ మాట ఆమె అనుకోకుండా వచ్చేసింది. చీకటి మూలలో నిదానయ్య డిప్ప గోడకి టక్కున తగిలింది. ఆమెకి వినపడింది. విననట్టు ఊరుకుంది.

"అంటే... ఉందా?" నక్క కళ్ళు పెద్దవి చేశాడు. "కానీ చీకట్లో ఆ పెద్దావిడకి దారి ఖాళీ అయిందని తెలిసేదెట్లా? అక్కడే కదండీ ఎంత గొప్పవాళ్ళయినా తప్పేది!"

"అదే చెప్తున్నా, మేం తప్పలేదు!" బరిసెమ్మ ముందుకు నడిచింది. మూత చూపించింది. ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పింది. కాలెత్తి నేల మీద రెండు దెబ్బలు కొట్టి మరీ వినిపించింది. "ఈ ఆలోచన నాదే."

"అద్భుతం," అన్నాడు నయగారయ్య, ఈసారి చాలా నెమ్మదిగా. "ఇంకోసారి కొట్టండమ్మా."

ఆమె ఇంకోసారి కొట్టింది.

మర్నాడే కబురొచ్చింది. మెచ్చిన ఇల్లు బరిసెమ్మదే. పండగ నాడు కట్టినామె నల్లబండ దగ్గరికి రావాలి. మిగతావాళ్ళు ఇంట్లోనే ఉండాలి, చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇల్లు నిండుగా కనపడాలి కదా మరి.

"ఈ ఇల్లు వొదిలేసి ఈ పూటే ఎటైనా పోదాం," అన్నాడు నిదానయ్య.

"ఈ ఎండలో పిల్లల్నేసుకుని ఎటు పోతాం తాతా?" అంది చెంగమ్మ. బరిసెమ్మ కేసి మాత్రం చూడలేదు.

"ఊటకి హక్కు రానీ, నువ్వే నన్ను మెచ్చుకుంటావు," అంది బరిసెమ్మ. పండగ పొద్దున ఒంటికంటిన మట్టి దులుపుకుని, ముళ్ళు నున్నగా నాక్కుని బయల్దేరింది.

నల్లబండ దగ్గర అడవంతా లేదు. రెండు తొండలు ఎండ కాచుకుంటున్నాయి. కాకి బండ మీద నిలబడి ఉపన్యాసం అందుకుంది. ఇల్లంటే ఏమిటి, అడవంటే ఏమిటి, అందరూ అంటే ఎవరు... ఎంతకీ తెమలదు.

"నయగారయ్యగారేరీ?" అంది బరిసెమ్మ.

"వస్తారమ్మా. ఆఖరి పరిశీలనలో ఉన్నారు."

"తోడేళ్ళు కూడా కనపడవేం? ఊట వాళ్ళది కదా, వాళ్ళే కదా మాటివ్వాల్సింది?"

"వాళ్ళూ పరిశీలనలోనే ఉన్నారు."

"ఎక్కడ?"

కాకి రెక్క సవరించుకుని పక్కకి చూసింది. "మీ ఇంట్లోనేనమ్మా."

ఏదుపంది పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. పొట్టి కాళ్ళు, బరువు ఒళ్ళు, అడుగుకో గలగల. బరిసెమ్మ పరిగెత్తింది. గుట్ట మలుపు తిరిగేసరికి నేలలోంచి ఆమె కాళ్ళకి చప్పుడు తగిలింది. రెండు దెబ్బలు.

ఆమె ఊపిరి తిరిగింది. బయటపడ్డారు! ఒక పిల్ల బయటపడింది, రెండోదాన్ని పిలుస్తోంది. నా ఏర్పాటు పనిచేసింది!

కాసేపటికి మళ్ళీ రెండు దెబ్బలు.

ఈసారి ఆమె కాలు తడబడింది. పిల్ల కుందేలు కాలు ఎంతని? ఎండుటాకు రాలినంత చప్పుడు చేస్తుంది. ఇదేమో గుట్ట మలుపు దాకా వినపడుతోంది. ఇంత బరువైన కాలు ఎవరిది?

మూడోసారి చప్పుడయ్యేసరికి బరిసెమ్మ రేగుపొద దగ్గరుంది. ఆమె పెట్టిన మూత ఊడి పక్కన పడుంది. కన్నం పక్కనే నయగారయ్య తీరిగ్గా కూర్చుని, ముందుకాలితో నేల మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి వొంచి వింటున్నాడు. అతని మూతికి మెత్తటి బూడిదరంగు బొచ్చు అంటుకుని ఉంది.

ఏదుపంది ఎదురుగా పోదు. బరిసెమ్మ గిర్రున వెనక్కి తిరిగి, వీపుతో, ఉన్న బలమంతా పెట్టి అతని మీద పడింది. నక్క కేకకి కాకులన్నీ లేచాయి. ముళ్ళు అతని మూతిలో దిగాయి, నాలుకలో దిగాయి, నేల మీద దెబ్బలు కొట్టిన ఆ కాలిలో దిగాయి. అతను కుంటుకుంటూ, మట్టి కరుస్తూ లోయలోకి పడిపోయాడు. బరిసెమ్మ ఆగలేదు. చుట్టూ తిరిగి ముందు గుమ్మం దగ్గర తవ్వుతున్న తోడేళ్ళ మీదికి అలాగే వెనక్కి వెనక్కి నడిచింది. అవి అప్పటికే విసిగి ఉన్నాయి. దారికి అడ్డంగా ఇరుక్కున్న తాబేలు డిప్పని కొరికి కొరికి వాటి పళ్ళు కదిలాయి. అవీ వెళ్ళిపోయాయి.

చాలాసేపటికి లోపల్నుంచి చెంగమ్మ వచ్చింది. ఒక్క పిల్లని నోట కరుచుకుని ఉంది. దాన్ని కింద పెట్టి, నాకి, అప్పుడు మాట్లాడింది.

"మొదటిది వెళ్ళింది. చప్పుడైంది. రెండోదాన్ని నేనే తోశాను, వెళ్ళు నాన్నా, అన్న పిలుస్తున్నాడు అని. మళ్ళీ చప్పుడైంది. దీన్ని తోయబోతుంటే అవ్వ నా చెవి పట్టుకు ఆపింది. అది పిల్ల కాలు కాదే అంది."

బరిసెమ్మ నోరు తెరిచింది.

"ఏం చెప్పకు అక్కా," అంది చెంగమ్మ.

చూసినవాళ్ళున్న బొరియ ఇక బొరియ కాదు. పొద్దు వాలకముందే వాళ్ళు ఉత్తరపు రాళ్ళ మధ్యకి మారారు. బరిసెమ్మ గోళ్ళు అరిగిపోయేదాకా కొత్త ఇల్లు తవ్వింది. ఏటవాలు చెక్కింది, ఎండుగడ్డి పరిచింది. నయగారయ్య మూతి వాచి, ఏదీ కొరకలేక, లోయలో మూలుగుతూ మూలుగుతూ ప్రాణం వొదిలాడని కాకే వచ్చి చెప్పింది. ఆ మాటకి ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఇల్లు పూర్తయ్యాక బరిసెమ్మ లోపలి గోడ తడుముతూ అడిగింది. "వెనకదారి ఎటు తియ్యమంటావు చెంగమ్మా?"

"తీసేశాం అక్కా. అవ్వ మనవలు తవ్వారు, నేను మూత పెట్టాను."

"ఎక్కడ?"

చెంగమ్మ ఉన్న ఒక్క పిల్లనీ దగ్గరికి లాక్కుంది. నిదానయ్య తల లోపలికి ముడుచుకున్నాడు. అవ్వ చూపు లేని కళ్ళు మూసుకుంది.

బరిసెమ్మ మళ్ళీ అడగలేదు. వెళ్ళి ముందు గుమ్మంలో, వీపు బయటికి పెట్టి, తను తవ్విన ఇంట్లో తనకి తెలియని దారొకటి ఉందని తెలిసి కూర్చుంది.

ముళ్ళున్నవాళ్ళు మెప్పు కోసం తెరిచిన తలుపులోంచి పోయేవి ముళ్ళు లేనివాళ్ళ ప్రాణాలే.