గెడ పట్టిన మెట్టకోడలు

అనగనగా ఒక కాలవ, ఆ కాలవ గట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పడవ, ఆ పడవకో సరంగు, ఆ సరంగుకో కొత్త పెళ్ళాం. ఊఁ కొడుతున్నారా? ఒరేయ్, దుప్పటంతా నువ్వే లాగేసుకున్నావు, చెల్లికి కాస్త వదులు.

ఆ సరంగు పేరు అప్పన్న. పెళ్ళాం నూకరత్నం. దానిది మెట్ట ఊరు. గేదెలూ జొన్నచేలూ తప్ప మోకాటి లోతు నీళ్ళు చూసి ఎరగదు. అత్తగారు సంకురమ్మ మాత్రం కాలవ గట్టునే పుట్టింది, గట్టునే పెరిగింది.

ఒకనాడు వానలో అప్పన్న రేవులో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకలకి కట్టు కట్టే వైద్యుడేమో కాలవ దిగువ ఊళ్ళో ఉన్నాడు. మూడు రోజుల్లో కట్టు పడకపోతే కాలు వంకరగా అతుక్కుపోతుంది, ఇంక జన్మలో పడవ మీద నిలబడలేడు. దారులన్నీ నీళ్ళలో మునిగాయి. మిగతా సరంగులందరూ రాజుగారి కూతురి పెళ్ళికి సామాన్లు మొయ్యడానికి పోయారు. ఆ వానల్లో పెళ్ళేవిటో, ముహూర్తం పెట్టిన వాణ్ణి అనాలి!

అత్తగారు గోడకి చేరబడి ఏడుస్తోంది. నూకరత్నం కొంగు బిగించి, పడవ తోసే గెడ అందుకుంది. అయ్యయ్యో, ఆడది గెడ ముట్టుకోకూడదే అని అత్తగారు గోలపెట్టిందిట. మరి మీ అబ్బాయి కాలు మాటేవిటత్తా అందిట ఇది. ఆవిడ గోడ వదిలి లేచొచ్చింది. ఇద్దరూ కలిసి అప్పన్నని పడవలో పడుకోబెట్టారు. అత్తగారు ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

అప్పన్న పడుకునే చెప్పాడు. పడవ ముక్కు దగ్గర గెడ నీళ్ళలోకి దింపు, భుజానికి ఆనించు, బలంగా తోస్తూ వెనక్కి నడు, చివరికొచ్చాక పీకు. దింపూ, ఆనూ, నడూ, పీకూ! మీరూ అనండర్రా. దింపూ, ఆనూ, నడూ, పీకూ! మొదటిసారి పడవ బొంగరంలా తిరిగి మళ్ళీ ఇంటి రేవుకే వచ్చింది. రెండోసారి తుమ్మపొదలో దూరింది. మూడోసారి గెడ బురదలో దిగబడింది, పడవేమో ముందుకి పోతోంది, నూకరత్నం సగం గాల్లో ఉంది. గెడని వదిలెయ్యవే, పడవని వదలకు అని అప్పన్న ఒకటే అరుపు. ఇంకో గెడ ఉంది కాబట్టి సరిపోయింది. నాలుగోసారికి పడవ తిన్నగా సాగింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. అబ్బ, ఏం పిల్లర్రా! నేనైతే రేవులోనే కూలబడుందును.

మర్నాడు మధ్యాహ్నానికి లాకులొచ్చాయి. లాకులంటే తెలుసునా? పైకాలవ ఎత్తు, కిందికాలవ పల్లం. పడవ మెట్లు దిగలేదు కదా! అందుకని రెండు తలుపుల మధ్య గదిలోకి పడవని రానిచ్చి, తలుపులు మూసి, నీళ్ళు మెల్లిగా కిందికి వదుల్తారు. నీళ్ళతోపాటు పడవా దిగుతుంది.

సరిగ్గా అప్పుడే అప్పన్న నొప్పికి సోలిపోయాడు. చెప్పేవాళ్ళు లేరు. నూకరత్నం పడవ తాడుని గట్టు మీది గుంజకి, గేదెని కట్టినట్టు, బిగించి ముడేసింది. ఎంత బిగిస్తే అంత భద్రం అనుకుంది పిచ్చిది. నీళ్ళు దిగాయి. తాడు దిగదుగా! పడవ ఓ పక్క తాడుకి వేలాడి, రెండో పక్కకి ఒరిగిపోయింది. అప్పన్న జారిపోతుంటే అత్తగారు కావలించుకుని కేకలు. లాకుల తలుపులు తీసే తాత గొడ్డలి తెచ్చాడు. తాడు తెగితే పడవ దభీమని పడుతుంది, ఇంక ఆ కాలేం కావాలి?

నూకరత్నానికి ఏడుపొచ్చింది. అయినా ఆలోచించింది. గేదె గింజుకుని తాడు బిగిసిపోతే పుట్టింట్లో ఏం చేసేవారు? ముడితో కుస్తీ పట్టరు. గేదెని గుంజ దగ్గరికి తోస్తారు.

“తాతా, గొడ్డలొద్దు! మళ్ళీ పైనించి నీళ్ళు వదులు! పడవని లేపు!”

తాత పరిగెత్తి నీళ్ళు పోయే కింది తూము మూశాడు, పై తూము ఎత్తాడు. నీళ్ళొచ్చాయి, పడవ లేచింది, తాడు వదులైంది, ముడి ఊడింది. ఈసారి నూకరత్నం ముడెయ్యలేదు. తాడు గుంజకి ఒక్క చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకుని, నీళ్ళు దిగేకొద్దీ వదిలింది. తాళ్ళు నరికిన సరంగుల్ని చూశాను గానీ ఇలాంటి సరంగుని చూళ్ళేదమ్మా అని తాత దణ్ణం పెట్టాట్ట.

వేళకి వైద్యుడి దగ్గరికి చేరారు. కట్టు పడింది. కాలు చక్కగా అతుక్కునేదాకా పడవ నడిపింది నూకరత్నమే. అప్పన్న తన కాళ్ళ మీద తను రేవుకి నడిచొచ్చిన రోజున సంకురమ్మ ఆనందంతో ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, కొడుకు కంటే ముందే పడవెక్కి, కోడలి ముందు చెయ్యి చాపింది.

“అరవయ్యేళ్ళూ గట్టునే కూచున్నానే. నాకూ నేర్పు.”

నూకరత్నం నవ్వలేదు. గెడ అత్తగారి చేతిలో పెట్టి, పడిపోకుండా వెనకాల నిలబడింది.

చూశారా, రాని పనిలో చెయ్యి పెడితేనే వస్తుంది, ఏ వయసులోనైనా సరే. ఇంక కథేమో కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.