విస్తరి మీద చెయ్యి

నిత్యానందం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. మాయ అంటే ఏమిటని అడిగిన ప్లీడరు గారిని ఓసారి కరివేపాకు తెమ్మని బజారుకు పంపారు. కర్మ గురించి అడిగినాయన అరుగు కడిగి వెళ్ళాడు. కాకినాడలో ఆయన ఇంటి వీధి అరుగు మీద ఆదివారం పొద్దున్న గీత చదువుకోవడానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందుకని ఇంట్లో పనులున్నవాళ్ళు ప్రశ్నలు దాచుకుంటారు, తీరికున్నవాళ్ళే అడుగుతారు.

దక్షిణామూర్తి ఈమధ్యనే ఆ తీరికున్నవాళ్ళలో చేరాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పేరుకే దక్షిణామూర్తి గాని మౌనం అతని ఒంటికి పడదు. అలాంటివాడు ఆ ఆదివారం పాఠం అయిపోయి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నా స్తంభానికి ఆనుకుని కదలకుండా కూర్చున్నాడు. అరుగు ఖాళీ అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

“మాస్టారూ, ఒక మనిషి కోసం ప్రాణం పెట్టి అన్నీ అమర్చినా, ఆ మనిషికి సంతోషం ఎందుకు కలగదండీ?”

“ఏ మనిషోయ్?”

“ఎవరైనాననుకోండి. వేదాంతంగా అడుగుతున్నాను.”

“వేదాంతానికి కళ్ళ కింద అంత నలుపు రాదు,” అన్నారు మాస్టారు. “హైమవతి ఏమంది?”

దాంతో కట్ట తెగింది. హైమవతి అతని భార్య. పెళ్ళయిన కొత్తలో నిన్ను దేశమంతా తిప్పుతానని అతను మాట ఇచ్చాడు. ఇచ్చినవాడు తిప్పకూడదనుకోలేదు. కాని ఊటీకి టికెట్లు కొన్న ఏడు తుపాను వచ్చింది. మైసూరుకి పెట్టె సర్దిన ఏడూ తుపాను వచ్చింది. కోస్తా అంతా స్తంభాలు కూలిపోయి ఊళ్ళు చీకట్లో ఉంటే ఇంజనీరు కొండలు చూడ్డానికి ఎలా వెళ్తాడు? సర్దిన పెట్టెను ఆవిడ తిరిగి విప్పి చీరలు బీరువాలో పెట్టేసేది. పల్లెత్తు మాట అనేది కాదు. అనకపోవడమే అతనికి ఇన్నేళ్ళూ ముల్లులా గుచ్చుకుంటూ వచ్చింది. రిటైరయ్యాక ఆ లోటంతా ఒక్క ప్రయాణంతో పూడ్చేద్దామని పట్టుదల పట్టాడు.

అందుకు అతను ఎంచుకున్నది కానరీ దీవులు. ఆఫ్రికా ఒడ్డుకి కాస్త ఎడంగా, అట్లాంటిక్ సముద్రంలో ఉంటాయి. ఏలుబడి స్పెయిన్ వాళ్ళది. సముద్రం అడుగున కొండలు నిప్పు కక్కితే పైకి లేచిన నేల అది. ఏడాది పొడుగునా ఎండ మండదు, చలి కొరకదు. ఇసుక నల్లగా ఉంటుంది. టెనెరీఫె అనే పెద్ద దీవి మధ్యలో టెయిడే అనే నిప్పుకొండ మబ్బుల్ని దాటి పైకి నిలుస్తుంది. ఇంకో దీవిలో నేలలోంచి వచ్చే సెగ మీదే వంట చేసి పెట్టే హోటలుంది. వాళ్ళు కాల్చేది మాంసం కదండీ అని హైమవతి అంటే, మనకి వంకాయ కాల్చమందాంలే అన్నాడు.

సబ్‌స్టేషన్ కట్టినట్టు కట్టాడు ఆ ప్రయాణాన్ని. వీసా కాగితాలు, పడవల వేళలు, పప్పూ అన్నం దొరికే చోట్లు, అక్కడి గోడ ప్లగ్గుల్లో మన కుక్కరు పిన్ను పడుతుందా లేదా, ఏదీ వదల్లేదు. మూఢం లేని నెల చూశాడు. విమానం ఎక్కేటప్పుడు వర్జ్యం మన టైముతో చూడాలా, వాళ్ళ టైముతో చూడాలా అని పురోహితుణ్ణి అడిగితే ఆయనా తెల్లమొహం వేశాడు. రెండింటితోనూ తప్పించాడు మూర్తి. దేనికదే ఆవిణ్ణి అడిగే ఖాయం చేశాడు కూడాను. సముద్రం వైపు గది తీసుకుందామా, తోట వైపు తీసుకుందామా అంటే “మీ ఇష్టం” అంది. కొండ మొదటి రోజు చూద్దామా, ఆఖరి రోజు చూద్దామా అంటే “మీ ఇష్టమండీ” అంది. అన్నీ కుదిరి, ఇక టికెట్లు కొనడమే తరువాయి అనగా, నాకెందుకో ఓపిక లేదండీ, మీ తమ్ముణ్ణి తోడు తీసుకుని మీరు వెళ్ళి రండి అనేసింది.

“కోపంగా అన్నా బావుండేదండీ,” అన్నాడు మూర్తి. “మజ్జిగ పోస్తూ అంది. ఇంక ఈ జన్మకి నేను దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేనేమో అనిపించింది. నేను చేసిన తప్పేమిటో చెప్పండి, దిద్దుకుంటాను.”

మాస్టారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. “వచ్చే ఆదివారం గీత పూర్తవుతోంది. మనవాళ్ళంతా భోజనాలకి వస్తారు. నువ్వు వడ్డనకి రా.”

మూర్తికి చాలా కష్టం వేసింది. కాపరం సంగతి చెప్పుకుంటే గరిటె పట్టుకోమంటారేమిటి ఈ పెద్దమనిషి అనుకున్నాడు. కాని కాదనలేకపోయాడు. నిజానికి ఆదివారం పూట కూడా ఇంట్లో కూర్చుని హైమవతి మొహం చూడ్డం కంటే వడ్డనే నయమనిపించింది.

ఆదివారం వచ్చింది. చెప్పకేం, వడ్డనలో మూర్తి దిట్ట. బంధువుల పెళ్ళిళ్ళలో అతను బుట్ట పట్టుకున్నాడంటే ఆ బంతిలో ఎవరూ అర్ధాకలితో లేవరు, ఎవరి విస్తట్లోనూ పదార్థం పారేసినట్టు మిగలదు. పప్పు, పనసపొట్టు కూర, ముక్కల పులుసు నడిచాయి. ఆ తర్వాత అతను పూర్ణం బూరెల బుట్టతో బయలుదేరాడు. నాలుగో విస్తరి దగ్గర ఒక ముసలావిడ రెండు చేతులూ అడ్డం పెట్టి, “వద్దు నాయనా, ఇంకొక్కటి తింటే ప్రాణం పోతుంది,” అంది. మూర్తి నవ్వి వేళ్ళ సందులోంచి బూరె జార్చాడు. ఆవిడ “అయ్యయ్యో” అంటూనే బూరెకి చిల్లు పెట్టి నెయ్యి ఎటునుంచి వస్తోందా అని చూసింది. ఆవిడ పక్కన కూర్చున్న పెద్దమనిషి మటుకు, “వెయ్యండి, వెయ్యండి, నాకు మొహమాటం లేదు,” అన్నాడు. మూర్తి ఆయనకి వెయ్యకుండా దాటిపోయాడు. ఆయన హమ్మయ్య అనుకుని మజ్జిగ అడిగాడు.

బంతి చివర మాస్టారు కూర్చున్నారు. మూర్తి దగ్గరికి రాగానే బుట్ట అంచు పట్టుకుని ఆపారు.

“ఆవిడ వద్దంటే వేశావు. ఆయన వెయ్యమంటే మానేశావు. ఇదేం న్యాయమోయ్?”

ఎన్నాళ్ళకో తనకి తెలిసిన విషయం ఎవరో అడిగేసరికి మూర్తి మొహం విప్పారింది. “మాట వినకూడదండీ మాస్టారూ, చెయ్యి చూడాలి. నిజంగా చాలినవాళ్ళ చెయ్యి విస్తరిని అంటుకునుంటుంది. పైన నిలబడితే అది మొహమాటం. ఆవిడ వేళ్ళ మధ్య బూరె పట్టేంత సందు పెట్టింది. ఆయన కుడిచేత్తో వెయ్యమంటున్నాడు గాని, ఎడంచేత్తో పంచె ముడి వదులు చేసుకుంటున్నాడు. విస్తరి ముందు మనవాళ్ళు నోటితో నిజం చెప్పరండి.”

“ఓహో,” అన్నారు మాస్టారు. “మరి హైమవతి ‘మీ ఇష్టం’ అన్నప్పుడు చెయ్యెక్కడుంది?”

మూర్తి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెయ్యెక్కడుందో అతనికి తెలియదు. అన్నిసార్లు అడిగాడు గాని, అడిగినప్పుడల్లా అతని కళ్ళు కంప్యూటర్ మీదున్నాయి. జవాబు చెవిన పడగానే ఆ సంగతి అయిపోయిందనుకుని ఇంకో దానికి వెళ్ళిపోయాడు. ఎంత తడుముకున్నా ఒక్క సాయంత్రం మటుకే గుర్తొచ్చింది. అప్పటికింకా ఏ దీవులు చూడాలో తేలలేదు. ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అతను ఒక్కో దీవి గురించి పైకి చదువుతున్నాడు. లా గొమేరా అని ఒక చిన్న దీవి. అక్కడ లోయలు బాగా లోతు. ఈ కొండ మీదివాళ్ళు ఆ కొండ మీదివాళ్ళతో మాట్లాడాలంటే దిగి ఎక్కేసరికి పొద్దు పోతుంది గనక, ఈలలతోనే కబుర్లు చెప్పుకోవడం పూర్వం నుంచీ అలవాటు. ఇప్పుడు బళ్ళో పిల్లలకి కూడా నేర్పుతున్నారు. అది చదువుతుంటే హైమవతి చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో ఆగిపోయింది. “ఆడవాళ్ళు కూడా వేస్తారాండీ?” అని అడిగింది. వేస్తారేమోలే అని అతను, ఆ దీవికి వెళ్ళి రావడానికి ఒక రోజు దండగని దాన్ని కొట్టేశాడు. ఆ తర్వాత ఆవిడ ఏ దీవి గురించీ ఏమీ అడగలేదు.

“వెళ్ళు, వెళ్ళు,” అన్నారు మాస్టారు. “అవతల బంతి ఎదురుచూస్తోంది.”

మూర్తి వడ్డన ఎలాగో పూర్తి చేసి, తను తినకుండానే ఇంటికి వచ్చేశాడు. హైమవతి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అతను గుమ్మంలో నిలబడి, “హైమా, ఆ ఈలల దీవికి వెళ్దామా?” అన్నాడు.

“ఇప్పుడదంతా ఎందుకండీ? మీ ఇష్టం.”

పడవ వేళలు, బస, అన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాడు. చెయ్యి చూశాడు. తువ్వాలు తీగ మీద వెయ్యడం అయిపోయింది గాని ఆవిడ చెయ్యి ఇంకా దాని అంచు వదల్లేదు. మూర్తి మెట్టు మీద కూర్చుని, విస్తరి ముందు బుట్ట పట్టుకుని నిలబడ్డట్టే ఊరుకున్నాడు. కూలిన స్తంభాల మధ్య జాగారం చేసినప్పుడు కూడా అతనికి అంత కష్టమనిపించలేదు.

“చిన్నప్పుడు నేను ఈల వేసేదాన్ని,” అంది హైమవతి కాసేపటికి, తువ్వాలు వైపే చూస్తూ. “పిఠాపురంలో. మా నాన్న వీధి మలుపు తిరిగేసరికి వేసేదాన్ని. ఆయన సైకిలు బెల్లు కొట్టేవాడు. మా మామ్మ చూసి మూతి మీద కొట్టింది. ఆడపిల్ల ఈల వేస్తే ఇల్లు నిలవదని. ఆ ఏడే మా నాన్న పోయాడు. దీని ఈలే నా కొడుకుని తినేసిందని మామ్మ నలుగురిలోనూ అంది.”

మూర్తి మెట్టు మీంచి లేచాడు.

“అలా జరగదని నాకూ తెలుసు. పిల్లల్ని కన్నదాన్ని, మనవల్ని ఎత్తుకున్నదాన్ని, తెలియకేం? కాని అక్కడ ఊరు ఊరంతా వేస్తారని మీరు చదివారు కదా. ఆడవాళ్ళూ వేస్తారేమో, వేసినా వాళ్ళ ఇళ్ళు నిలబడే ఉన్నాయేమో, ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. అంతే.”

“నాకెప్పుడూ చెప్పలేదేం, హైమా?”

“మీరెప్పుడూ తుపాన్లలో ఉండేవారు కదండీ,” అందావిడ. నిష్ఠూరంగా అనలేదు. అతనికి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపరంలో ఇంత బరువు పక్కనే మోస్తున్న మనిషికి నల్ల ఇసుకా, కాల్చిన వంకాయా చూపిద్దామని తిరిగినందుకు చెప్పలేనంత సిగ్గేసింది. ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడి, బక్కెట్లోంచి ఒక చీర తీసి పిండాడు. ఆ తర్వాత మెల్లగా, “ఒక్కసారి వెయ్యవూ?” అని అడిగాడు.

“ఇక్కడొద్దు,” అంది హైమవతి. “అక్కడ వేస్తాను.”

మళ్ళీ ఆదివారం మూర్తి పొద్దున్నే మాస్టారి అరుగెక్కాడు. జరిగిందంతా చెప్పాడు. ప్రయాణం ఇప్పుడు ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయిందన్నాడు. సగం రోజులు గొమేరాలోనేనట. ఈలలు నేర్పే పంతులమ్మ ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమందట. సెగ మీద వంకాయ అక్కర్లేదట.

“ఇప్పుడు నాకో సంగతి తెలిసిందండీ,” అన్నాడు కాస్త తల వంచుకుని. “ఆ నిప్పుకొండ చూడాలన్న కోరిక ఆవిడది కాదు, నాదే. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో అగ్నిపర్వతం బొమ్మ చూసినప్పటి నుంచీ ఉంది. ఆవిడ కోసమనే పేరు పెట్టి దాని చుట్టూ అల్లుకుంటూ వచ్చాను. నిన్న రాత్రి అన్నం పెడుతూ, మరి మీ కొండ మాటేమిటండీ అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటానండీ? నీ ఇష్టం అన్నాను.”

మాస్టారు నవ్వారు. “వడ్డించినవాడు ఆఖరి బంతిలోనైనా కూర్చోవాలోయ్,” అన్నారు. “గరిటె ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది. మొహమాటపడకు.”