నల్లగుండు పంట

అనగా అనగా ఒక రాజ్యం, ఆ రాజ్యం అంచున ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో భద్రయ్య అనే మోతుబరి. ఆయన కోడలు అచ్చాయమ్మ. ఊ కొట్టండర్రా, లేకపోతే గోడకు చెప్పుకున్నట్టుంటుంది నాకు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. రాజుగారికి జాలేసి, రైతులకు విత్తనాల కోసం సొమ్ము పంపాడు. రాజు మంత్రికిచ్చాడు, మంత్రి కరణానికిచ్చాడు, కరణం భద్రయ్యకిచ్చాడు, భద్రయ్య భోషాణానికిచ్చాడు. భోషాణం ఎవరికీ ఇవ్వలేదు. చేలన్నీ ఆయన పేరున ఉన్నాయట మరి. దున్నేదేమో కౌలుకు చేసే గురవయ్య. అంతటితో ఆగాడా భద్రయ్య? ఊరి వెనక నల్లగుండని ఒక రాతికొండ ఉంది. మేక కూడా ఎక్కి, గడ్డి లేదని దిగొచ్చేస్తుంది. దానికీ సాగు సొమ్ము తీసుకున్నాడు మహానుభావుడు.

ఈ సంగతేదీ అచ్చాయమ్మకు తెలీదు.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. రాజు సాయం అందరికంటే ఎక్కువ అందుకున్నవాళ్ళు, ఆ భూమిలో పండిందే వండి రాజుకు భోజనం పెట్టాలి. రాజుగారు వస్తున్నారని కబురొచ్చింది. భద్రయ్య గాదెలో గింజ లేదు. గురవయ్య ఇంట్లో జొన్నకంకులున్నాయి, పట్టుకురమ్మని కోడల్ని పంపాడు.

అచ్చాయమ్మ వెళ్ళి చూసింది కదా, ఆ ఇంట్లో ఉన్నవల్లా పొయ్యి మీద దూలానికి కట్టిన విత్తనపు కంకులే. గురవయ్య పెళ్ళాం మంగతాయి వాటిని దించింది.

"తీసుకెళ్ళండి చిన్నమ్మగారూ. ఇవీ పోతే విత్తేదేముంది, మేం ఊరొదిలిపోతాం."

"రాజుగారి సొమ్ము రాలేదా మీకు?"

"మాకెందుకొస్తుందమ్మా? మీ మామగారు నల్లగుండుకు కూడా తీసుకున్నారంటగా. మాకంటే ఆ రాళ్ళు నయం."

అచ్చాయమ్మ ఆ కంకుల వంక చూసింది. తను తింటున్న అన్నం ఇదా అనుకుంది. ఆ కంకుల్ని తన చేత్తోనే మళ్ళీ దూలానికి కట్టేసి వెళ్ళిపోయింది.

వింటున్నారా, నిద్దరోయారా? అసలైంది ఇప్పుడే.

రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. అచ్చాయమ్మ గంపెడు నల్లరాళ్ళు తెచ్చి వడ్డించింది. భద్రయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిచ్చిదండీ, పట్టించుకోకండి అన్నాడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు రాజు.

"మీరు సాయం చేసిన కొండ పంట, ప్రభూ. కడిగే పెట్టాను. మామయ్యకూ వడ్డించమంటారా?"

రాజు లేచి నేరుగా నల్లగుండుకు నడిచాడు. చూశాడు. భద్రయ్యను అడిగితే కరణాన్ని చూపించాడు, కరణం మంత్రిని చూపించాడు. మంత్రి మెల్లగా, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకిమ్మన్నది తమరే ప్రభూ, దున్నేదెవరో చూడమనలేదు అన్నాడు. రాజు ఆ రాతి మీదే కూలబడిపోయాడు. తను చేసిన మేలు ఒక ఇంటి పొయ్యి మీది విత్తనాలు లాక్కునే దాకా వచ్చిందని అచ్చాయమ్మ చెబుతుంటే తలెత్తలేకపోయాడు.

ఆ పూటే భోషాణం తెరిపించి, సొమ్ము దున్నేవాళ్ళకు పంచాడు. ఇకమీదట నాగలి పట్టినవాడికే సాయం అని చాటింపు వేయించాడు. వానలు పడగానే మంగతాయి దూలం మీది కంకులు చేలోకి వెళ్ళాయి, మనిషెత్తు పైరు లేచింది. గురవయ్య ఊరు విడవలేదు. భద్రయ్య కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నా, కోడలు కాల్చిన కొత్త జొన్నరొట్టె తిని, ఇంకోటి వెయ్యమ్మా అన్నాడు.

అందుకే పిల్లలూ, రేపు మీరు ఎవరికైనా మేలు చెయ్యాలనుకుంటే, పంపించి ఊరుకోకండి. వెళ్ళి చూడండి, ఎవరి చేతికందిందో.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.